ఆశ్రయపురానికి దారి ఎవరు బాగుచేయాలి?



వానలు వెనకపట్టాయి. గెడ్డలో నీళ్లు నడుము నుంచి మోకాలికి దిగాయి. ఏటా ఈ రోజుల్లోనే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అయ్యగారూ, ఉజ్జీవ కూటాలు ఏ తారీఖుల్లో? వాక్యం చెప్పడానికి ఎవరిని పిలుస్తున్నాం? షామియానా, మైకు సెట్టు ఎక్కడినుంచి తెద్దాం?" ఈ ఏడు అందరికీ ఒకటే జవాబు చెబుతున్నాను. ముందు బాట. బాట పని అయ్యాక కూటాలు.

ఈ మాట కొందరికి రుచించలేదు. "బాట పంచాయతీ పని, సంఘం పని వాక్యం" అని ఒక పెద్దమనిషి నాతో ముఖాన్నే అన్నారు. చాటుగా అనకుండా ముఖాన్నే అన్నందుకు ఆయనంటే నాకు గౌరవం. ఆ ఆదివారం మందిరం బయట నిలబడి ఆయనకు సగం జవాబే చెప్పగలిగాను. ఈలోగా అన్నం చల్లారిపోతోందని వాళ్లింటావిడ పిలిచింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఒక్కరి కోసమే కాదు, అలాగే అనుకుంటూ పైకి అననివారి కోసం కూడా.

దూరాన ఉండి చదివేవారికి ముందుగా ఆ బాట గురించి చెప్పాలి. తారు రోడ్డు మా మందిరం దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి పైన మూడు ఊళ్లున్నాయి. అన్నీ కలిపినా డెబ్బై గడపలు దాటవు. చివరి ఊరు ఏడు కిలోమీటర్లు. అలవాటున్న మనిషి ఎండాకాలంలో రెండు గంటల్లో ఎక్కిపోతాడు. సంతకు పసుపు, మిరియాలు, చింతపండు దిగేది ఈ బాటమీదే. బియ్యం, ఉప్పు, నూనె, ఇంటికప్పు రేకులు ఎక్కేది ఈ బాటమీదే. టీచరమ్మ, ఆశా కార్యకర్త, నేను, అందరం దీనిమీదే. పై ఊళ్లలో మన సంఘ కుటుంబాలు పదకొండు. మిగతావారు మన విశ్వాసంలో లేనివారు. బాటకు ఆ తేడా తెలియదు.

జబ్బుచేసిన మనిషి దిగేది కూడా ఈ బాటమీదే, డోలీలో. డోలీ చూడనివారు ఉంటారు. పది అడుగుల గట్టి బొంగు తీసుకుని, దానికి దుప్పటిని రెండు కొసలా ముడివేసి ఉయ్యాలలా వేలాడదీస్తారు. అందులో మనిషిని పడుకోబెట్టి ముందొకరు, వెనకొకరు భుజానికెత్తుకుంటారు. దిగుడులో బరువంతా ముందువాడి మీద పడుతుంది. భుజం మార్చుకోవడానికి ఇంకో నలుగురు వెంట నడవాలి.

గడచిన ఆగస్టులో పై ఊరి చెల్లెలు ఒకామెకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. రాత్రంతా వాన. తెల్లవారుతూనే డోలీ కట్టారు. గెడ్డ మీది దిగుడు దగ్గర బాట నడిమధ్యన నీళ్లు కోసుకుపోయి నడుములోతు గాడి పడి ఉంది. గాడిలో దిగితే బొంగు మలుపు తిరగదు. అంచున నడుద్దామంటే కంప. ఇద్దరు మోయవలసిన డోలీని ఆరుగురు చేతులమీద పట్టుకుని, ఒక్కొక్క అడుగు చూసుకుంటూ దించారు. అర కిలోమీటరు లేని ఆ దిగుడుకే గంటన్నర పట్టిందని మోసినవాళ్లు చెప్పారు. అంబులెన్సు మందిరం దగ్గర నిలబడే ఉంది. దాని దగ్గరికి చేరకముందే కాన్పు అయింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

బిడ్డను మట్టి చేసిన రోజు చాలామంది నోట వచ్చిన మాట "దేవుని చిత్తం". ఆ తల్లిని ఓదార్చాలనే అన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. దారి బాగుండి ఉంటే బిడ్డ బతికేదని కూడా నేను చెప్పలేను. నెలలు నిండని బిడ్డ, నేను డాక్టరును కాను. కానీ ఆ గంటన్నరను మాత్రం దేవుని ఖాతాలో రాయడానికి నేను ఒప్పుకోను. గంటన్నరను తినేసింది ఆ గాడి. గాడిని తవ్వింది నీళ్లు. ఆ నీళ్లను పక్కకు తిప్పడానికి కావలసింది ఒక గునపం, ఒక పార, వానలకు ముందు ఒకటి రెండు పూటలు. మన చేతిలో ఉన్నదాన్ని దేవుని చిత్తం అనడం భక్తిలా వినబడుతుంది కాని, నాకు అది అలా అనిపించదు.

ఇప్పుడు వాక్యానికి వద్దాం.

ఆశ్రయపురముల సంగతి మనకందరికీ తెలుసు. పగ ఏమీ లేకుండా, పొరపాటున ఒకని చేతిలో ఇంకొకడు చనిపోతే, ఆ చంపినవాడు పారిపోయి ప్రాణం దక్కించుకోవడానికి దేవుడు ఆరు పట్టణాలు ఏర్పాటు చేయించాడు. యొర్దానుకు ఇటు కెదెషు, షెకెము, హెబ్రోను. అటు బేసెరు, రామోతు, గోలాను. యెహోషువ 20వ అధ్యాయంలో పేర్లన్నీ ఉన్నాయి. క్రీస్తే మన ఆశ్రయపురము అనే ప్రసంగం మీరు నా దగ్గరే చాలాసార్లు విన్నారు. అది సరైన బోధే. అయితే ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం తెరిచి 3వ వచనం నిదానంగా చదవండి. పట్టణాలు వేరుపరచమని చెప్పి దేవుడు ఊరుకోలేదు. వాటికి దారి కూడా సిద్ధం చేయమన్నాడు. ఎందుకో 6వ వచనంలో ఉంది. దారి దూరమైతే, కోపంతో తరిమేవాడు వెంటపడి అందుకుంటాడు, చావదగనివాడు చస్తాడు. పట్టణపు గోడలు ఎంత ఎత్తుగా ఉన్నా, దారిలో చిక్కుకున్నవాడికి వాటివల్ల ఏమి లాభం?

బైబిలు కళాశాలలో చదివే రోజుల్లో ఈ భాగం మీద యూదుల పెద్దలు ఏమన్నారో చెప్పినప్పుడు నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. మామూలు ప్రజల దారి 16 మూరల వెడల్పు ఉండాలట. ఆశ్రయపురానికి పోయే దారి మాత్రం 32 మూరలు, అంటే మన లెక్కలో దాదాపు 48 అడుగులు ఉండాలట. దారులు చీలే చోట పారిపోయేవాడు తికమకపడకుండా ఆశ్రయం ఎటో గుర్తు రాసిపెట్టేవారట. ప్రాణభయంతో పరుగెత్తేవాడు దారి అడిగేవరకు ఆగడు కదా.

ఇంకో సంగతి. క్రీస్తు తరువాత 200 సంవత్సరం ప్రాంతంలో యూదుల పెద్దల బోధలను మిష్నా అనే గ్రంథంగా కూర్చారు. అందులో అదారు నెల 15వ తేదీన చేయవలసిన పనులు చెప్పారు. అదారు అంటే మనకు ఫిబ్రవరి, మార్చి మధ్య. ఆ దేశంలో వానలు చలికాలంలో పడతాయి. కొండదారులు కోసుకుపోతాయి. సరిగ్గా నెల తిరిగితే పస్కా. నలుదిక్కుల నుంచి యాత్రికులు యెరూషలేముకు ఎక్కిరావాలి. కాబట్టి ఆ రోజు నుంచి దారులు, వీధులు, నీటి మడుగులు బాగుచేయించేవారు. తెలియక తొక్కి అపవిత్రులు కాకుండా సమాధులకు గుర్తులు పెట్టించేవారు. ప్రభువు సున్నం కొట్టిన సమాధులని పరిసయ్యులను అన్నాడే, ఆ సున్నం వెనుక ఉన్నది ఈ ఆచారమే.

గమనించండి, పండుగ ముందు కాదు. దారి ముందు, ఆ తరువాత పండుగ. నేను కొత్తగా కనిపెట్టిన వరస కాదిది.

ఇక మన బాట. బాటను పాడుచేసేది మనిషి కాలు అని అందరూ అనుకుంటారు. కాలు చేసేది కొద్దే. నిజంగా పాడుచేసేది నీళ్లు. నడిచి నడిచి బాట మధ్యలో పల్లమవుతుంది. నడవని బయటి అంచున మట్టి పేరుకుని చిన్న గట్టులా లేస్తుంది. అప్పుడు కొండమీది నుంచి దిగిన నీళ్లు బాటను దాటి లోయలోకి పోలేవు. లోపలే చిక్కుకుని బాట పొడవునా పరుగెత్తుతాయి. అది ఇక బాట కాదు, కాలువ. ఒక వానాకాలానికి జానెడు లోతు, రెండో దానికి మోకాలు, మూడోదానికి ఆగస్టులో మనం చూసింది.

మా సంఘంలో ఒక తాత ఉన్నాడు. అక్షరం రాదు. కానీ ఈ విషయంలో ఆయనకు మించిన ఇంజనీరును నేను చూడలేదు. అందరూ వాన వస్తే ఇంట్లోకి పోతారు, ఆయన గొడుగు వేసుకుని బాటమీదికి పోతాడు. "గొయ్యి ఎక్కడ పడిందో చూస్తే ఏముంది అయ్యగారూ, నీరు బాటలోకి ఎక్కడ దిగిందో అది చూడాల" అంటాడు. మనం గొయ్యి కనబడిన చోట మట్టి తెచ్చి పోస్తాం. మరుసటి వానకు ఆ మట్టి గెడ్డలో ఉంటుంది. తాత గొయ్యిని వదిలేసి ఇరవై గజాలు పైకి నడుస్తాడు. నీరు లోపలికి దిగిన చోట బయటి గట్టును పారతో చెక్కేస్తాడు. బాట లోయవైపుకు కొంచెం ఒరిగేలా చేస్తాడు, గజం వెడల్పుకు రెండంగుళాల వాలు. నడిచేవాడికి తెలియదు కానీ నీటికి తెలుస్తుంది. అది పలచగా పరుచుకుని పక్కకు జారిపోతుంది.

వాలు బాగా ఎక్కువగా ఉన్న చోట ఇది చాలదు. అక్కడ బాటకు అడ్డంగా రాళ్ల వరస పాతాలి. తిన్నగా అడ్డం కాదు, ఏటవాలుగా, కింది కొస లోయవైపు ఉండేలా. రాయిలో మూడింట రెండు వంతులు భూమిలో ఉండాలి, పైకి కొంచెమే కనబడాలి. లేకపోతే మొదటి గేదె కాలికే ఊడొస్తుంది. నీళ్లు బయటికి పోయే మూతిని ఎప్పుడూ తెరిచి ఉంచాలి. ఆకులు, ఒండ్రు చేరి ఆ మూతి మూసుకుపోతే అంత కష్టపడి పాతిన రాళ్లూ వృథా. అందుకే పై ఊరికి పోయేవాళ్లందరికీ ఒక మనవి: పోతూ పోతూ ఆ మూతిలో ఆకులు కనబడితే కాలితో తోసేయండి. దీనికి పార అక్కరలేదు, ఆగి ప్రార్థన చేయనక్కరలేదు.

మెట్లు పేర్చవలసిన చోట కింది నుంచి మొదలుపెట్టాలి. పై రాయి ముందు అంచు కింది రాయి వెనక అంచుమీద కూర్చోవాలి. పైనుంచి పేర్చుకుంటూ వస్తే మొదటి మెట్టు దేనిమీదా ఆనదు. పెద్ద రాళ్లే వాడాలి. ఇద్దరు కలిసి కదపలేనిది నాలుగు వానలకూ కదలదు. సందుల్లో మట్టి కాదు, చిన్న రాళ్లు కొట్టి బిగించాలి.

సిమెంటు పోస్తే పోలేదా అంటారు. కింద కొంత దూరం ఎవరో వేశారు కూడా. పక్కన నీళ్లు పోయే కాలువ తీయలేదు. రెండు వానాకాలాలకే పలకల కింద మట్టి కొట్టుకుపోయి, విరిగి వేలాడుతున్నాయి. వాటిమీద కంటే పక్క బురదలో నడవడమే నయమని పశువులు కూడా కనిపెట్టాయి.

కంప సంగతి మరీ ముఖ్యం. బాట పొడవునా అల్లుకున్న ఆ తలంబ్రాల కంప, లాంటానా, మన అడవి మొక్క కాదు. పూలు బాగుంటాయని 200 ఏళ్ల కిందట తోటల కోసం ఈ దేశానికి తెచ్చారు. పిట్టలు పండ్లు తిని విత్తనాలు కొండలన్నిటికీ పంచాయి. పైపైన నరికితే మరింత గుబురుగా లేస్తుంది. మొదలు దగ్గర, వేరు మొదలయ్యే చోట తవ్వి తీయాలి. ఏ కొమ్మ కొట్టినా నేలకు సమంగా కొట్టండి. కత్తితో ఏటవాలుగా కొట్టి వదిలిన మోడు మేకులా నిలబడుతుంది. ఈ బాటమీద చెప్పులు లేకుండా నడిచే పిల్లలున్నారు.

పెద్దమనిషి అన్న మొదటి మాటకు వస్తాను. ఇది ప్రభుత్వం పని అన్నారు. అవును, ప్రభుత్వం పనే. అందులో నాకు ఏ సందేహమూ లేదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలైంది. మైదానంలో 500 మంది, మనలాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊరికి రోడ్డు అన్నారు. ఇరవై గడపల ఊరు ఆ లెక్కలో ఎలా పడుతుంది? 2005 ఉపాధి హామీ చట్టంలో ఊళ్లకు దారులు వేయడాన్ని కూడా పనుల జాబితాలో చేర్చారు. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో "అడవితల్లి బాట" పేరుతో గిరిజన గ్రామాల రోడ్ల పనులు మొదలుపెట్టారు. మన మూడు ఊళ్ల కోసం అర్జీ పెట్టాం, మళ్లీ పెడతాం. అర్జీ రాయడం చేతకాదనేవారు నా దగ్గరికి రండి, రాసిపెడతాను. అన్యాయపు న్యాయాధిపతిని విడవకుండా అడిగిన విధవరాలి కథ ప్రభువు చెప్పింది ప్రార్థన గురించే అయినా, ఆమె నడిచి వెళ్లింది మాత్రం కచేరీకే కదా.

కానీ రోడ్డు వచ్చేదాకా ఆడవాళ్ల నొప్పులు ఆగవు. ఒకవేళ రేపే రోడ్డు వచ్చినా, అది మొదటి ఊరిదాకా వస్తుంది. పొలానికి, గెడ్డకు, చివరి ఊరికి కాలిబాట ఉండనే ఉంటుంది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఈ కొండల్లో దారిపని అంటే ఒక పాత గాయం. 1920ల్లో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి రోడ్డు పనికి గిరిజనులను పట్టుకొచ్చి, సరైన కూలి ఇవ్వకుండా చేయించాడు. ఆ కడుపుమంట కూడా అల్లూరి సీతారామరాజు వెనుక నిలబడింది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో ఆ పోరాటం మొదలైంది. రోడ్డు మంచిదే, వేయించిన తీరు పాపం. కాబట్టి మన పనిలో బలవంతం ఉండకూడదు. రాని కుటుంబం పేరు మందిరంలో చదవడం, కూలికి పోకపోతే ఆ పూట గడవనివాడిని మొహమాటపెట్టి తీసుకురావడం, ఇవేవీ నేను ఒప్పుకోను. పై ఊరివాళ్లే వచ్చి చేసుకోవాలి అనడం కూడా సరికాదు. ఆ బాటమీద వచ్చిన పసుపు, చింతపండు కింద ఉన్న మనమూ వాడుకుంటున్నాం.

పెద్దమనిషి రెండో మాట, సంఘం పని వాక్యం అన్నది. యెషయా 58వ అధ్యాయం ఉపవాసపు అధ్యాయమని మనకు తెలుసు. నలభై దినాల శ్రమకాలంలో ఏదో ఒక రోజు తప్పకుండా చదువుతాం. ఆ అధ్యాయం 12వ వచనం దగ్గర కొంచెం ఆగండి. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టి, కాడి విరగగొట్టిన ప్రజలకు దేవుడు ఇస్తానన్న పేర్లలో ఒకటి దారులు బాగుచేసేవాడు అనే పేరు. 57వ అధ్యాయం 14వ వచనంలో, 62వ అధ్యాయం 10వ వచనంలో కూడా దారి ఎత్తు చేయడం, అడ్డం తీసివేయడం, రాళ్లు ఏరడం కనబడతాయి. ఇవన్నీ హృదయం గురించే అని మనం వెంటనే పైకి ఎగిరిపోతాం. హృదయం గురించే, ఒప్పుకుంటాను. కానీ ప్రవక్త మాట విన్న మొదటి జనానికి రాళ్లు ఏరడం అంటే ఏమిటో చేతులకు తెలుసు. చేతులకు తెలియనిది హృదయానికి ఎంతవరకు ఎక్కుతుంది?

స్పెయిన్ దేశంలో డొమింగో అనే ఒకాయన ఉండేవాడు. 1019లో పుట్టి 1109లో చనిపోయాడు. మఠంలో చేరదామని వెళ్తే చేర్చుకోలేదని చెబుతారు. అప్పుడాయన శాంతియాగో యాత్రికులు నడిచే దారిలో అడవి కొట్టి, రాళ్లు పరిచి బాట వేశాడు, ఓహా నదిమీద వంతెన కట్టాడు. ఆయన ఉన్న చోటే ఒక ఊరు వెలిసింది. ఆ ఊరి పేరులో ఇప్పటికీ ఆయన వేసిన బాట ఉంది. సాంతో డొమింగో దె లా కల్సాద అంటారు, కల్సాద అంటే రాళ్లు పరిచిన దారి. మనం పునీతులకు మొక్కేవాళ్లం కాదు. అయినా వాక్యోపదేశం చేయనివ్వని మనిషికి దేవుడు పార ఇచ్చాడని నాకు అనిపిస్తుంది. మన సంఘాల్లో మైకు దొరకక చిన్నబుచ్చుకునే యౌవనస్థులకు ఈయన కథ చెప్పాలి.

పట్నాల్లో, విదేశాల్లో ఉండి చదువుతున్న మన పిల్లలకు ఒక మాట. పాడేరు దగ్గర వంజంగి కొండమీద మేఘాలు చూడటానికి చలికాలంలో ఎంత జనం వస్తారో మీరు చూసే ఉంటారు, మీలో కొందరు వెళ్లే ఉంటారు. మా పై ఊరి గుట్టకు కూడా ఇప్పుడిప్పుడే కుర్రాళ్లు బ్యాగులు తగిలించుకుని వస్తున్నారు. రండి, సంతోషం. ఒక్కటే అడుగుతాను. మలుపు దగ్గర మలుపు తిరగండి. అడ్డంగా కోసుకుని దిగకండి. మీకు ఐదు నిమిషాలు కలిసొస్తాయి. మీ కాలి జాడే వచ్చే వానకు నీళ్లకు దారి. తాత తిట్టేది కూడా వీళ్లనే.

అమెరికాలో ఉన్నవారు అప్పలాచియన్ ట్రెయిల్ పేరు వినే ఉంటారు. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్ల కాలిబాట. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ఇలాంటిది ఉండాలని రాశాడు, 1937లో పూర్తయింది. మరుసటి ఏడే పెద్ద తుపాను వచ్చి ఉత్తరాన చాలా దూరం చెట్లు కూల్చి బాట మూసేసింది. మళ్లీ మొదటినుంచి చివరిదాకా నడిచేలా చేయడానికి 1951 దాకా పట్టింది. 2024లో హెలీన్ తుపాను మళ్లీ కొట్టింది. జీతం లేని మామూలు మనుషులు, తలా కొంత దూరం పంచుకుని, సెలవు రోజుల్లో రంపాలు, పారలు పట్టుకుని దాన్ని నిలబెడుతున్నారు. మీకు దగ్గరలో ఆ బాట ఉంటే ఒక శనివారం వెళ్లి వాళ్లతో పని చేయండి. నీళ్లు తిప్పడం ఎలాగో నేర్చుకుని, క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు మాకు చూపించండి. మైకు సెట్టుకు పంపే కానుక కంటే నాకు అది ఎక్కువ సంతోషం. తాత ఒప్పుకుంటాడో లేదో చెప్పలేను.

బాటను మనం కూడా అలాగే పంచుకుంటున్నాం. మందిరం నుంచి గెడ్డ దాకా యౌవనస్థులు. గెడ్డ నుంచి పనసచెట్టు దాకా పురుషులు. అక్కడి నుంచి పైకి పై ఊళ్లవారు చూస్తామన్నారు, అన్ని ఇళ్లవారూ, మన సంఘస్థులే కాదు. ఆ ఊరి పెద్దలతో కూర్చుని మాట్లాడే ఇది నిర్ణయించాం. రాళ్లమీద వచనాలు రాయడం, సిలువ గుర్తు వేయడం, సంఘం పేరుతో బోర్డు పెట్టడం వద్దు. ఆ అభిప్రాయం నాదే, కొందరు నొచ్చుకున్నారు. బాట అందరిది. బోర్డు పెడితే అది మనది అవుతుంది, మరుసటి ఏడు పక్కింటివాడు పార పట్టుకుని రాడు.

పని ఏటా రెండుసార్లు. వానలకు ముందు మే నెలలో, వానలు తగ్గాక ఇప్పుడు. ఈసారి వచ్చే రెండు శనివారాలు, పొద్దున్న ఆరింటికి మందిరం దగ్గర. గునపం, పార, కత్తి, తట్ట ఉన్నవారు తెచ్చుకోండి, లేనివారు చేతులతో రండి. స్త్రీల సమాజం వారు రాగి అంబలి కాస్తామన్నారు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయలు ఎవరైనా తెస్తే మంచిది. పిల్లలు చిన్న రాళ్లు ఏరి కుప్పలు పోస్తారు. కంప కొట్టేవాళ్ల దగ్గరికి మాత్రం వాళ్లను రానివ్వకండి. మొదట గెడ్డ మీది దిగుడు దగ్గర మొదలుపెడతాం, ఎక్కడ తవ్వాలో తాత చెబుతాడు. పది అడుగుల బొంగు ఒకటి కొట్టి ఉంచాం. పని అయిన ప్రతి మలుపులో ఇద్దరు దాన్ని భుజాన పెట్టుకుని తిరిగి చూస్తారు. కొస కొండకు తగిలితే అక్కడ ఇంకా తవ్వాలి.